పాత ఇల్లు, కొత్త చుట్టం: వర్చువల్ మెషీన్ మొరాయిస్తే ఏం చూడాలి?

విదేశాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే తెలుగువాడికి జీతం లేని ఇంకో ఉద్యోగం కూడా ఉంటుంది. చుట్టాల కంప్యూటర్లకి వైద్యం చెయ్యడం. మనం వాడి పక్కన పెట్టిన లాప్‌టాప్‌ని సెలవులకి వెళ్ళినప్పుడు పిన్ని కొడుక్కో, మేనల్లుడికో ఇచ్చి వస్తాం. వాడు ఇంజనీరింగ్ చదువుతున్నవాడో, ఉద్యోగం వెతుక్కుంటున్నవాడో అయి ఉంటాడు. నాలుగు నెలలు తిరక్కుండానే ఫోను. "లినక్స్ నేర్చుకుందామని వర్చువల్ మెషీన్ పెట్టుకున్నాను, స్టార్ట్ అవట్లేదు, ఏదో ఎర్రర్ వస్తోంది" అంటాడు. ఆ ఎర్రర్ ఏమిటో చదవమంటే చదవడు. "కొత్త వెర్షన్ వేసి చూడు" అని మనం అంటాం. వాడు వేస్తాడు. అంతకు ముందు కాస్తో కూస్తో కదిలింది కూడా ఆగిపోతుంది.

ఈసారి ఆ "కొత్త వెర్షన్ వేసి చూడు" అన్న సలహా గురించే రాయాలనుకున్నాను. పాత కంప్యూటర్ విషయంలో అది చాలాసార్లు తప్పు సలహా. ఎందుకు తప్పో తెలిస్తే మిగతా వైద్యం తేలిక.

నేను బహ్రెయిన్‌లో కన్సల్టెంటుగా పని చేస్తున్నాను. 2019 జులైలో అమెజాన్ వాళ్ళు తమ క్లౌడ్ రీజియన్ ఒకటి ఇక్కడ తెరిచారు. వారంలో అయిదు రోజులూ నా పని క్లౌడ్‌లో నడిచే వర్చువల్ మెషీన్లతోనే. శుక్రవారాలు మాత్రం పదిహేనేళ్ళ నాటి డబ్బాలతో. నిజం చెప్పాలంటే, ఎమ్మెస్‌లో చదువుకున్న కంప్యూటర్ ఆర్కిటెక్చర్ నాకు ఉపయోగపడేది ఈ శుక్రవారాల్లోనే. క్లౌడ్‌లో బటన్ నొక్కితే మెషీన్ వస్తుంది, ఎందుకు వచ్చిందో ఎవడూ అడగడు. పాత డబ్బా ముందు కూర్చుంటే ఎందుకు రాలేదో చెప్పి తీరాలి.

ఇంటాయన, చుట్టం, దుబాసీ

ముందు మాటలు కుదుర్చుకుందాం. అసలు కంప్యూటర్‌ని హోస్ట్ అనీ, దాని లోపల నడిచే కంప్యూటర్‌ని గెస్ట్ అనీ అంటారని మీకు తెలుసు. నేను ఇంటాయన, చుట్టం అంటాను. వర్చువల్ మెషీన్‌ని 'మిథ్యాయంత్రం' అనొచ్చు గానీ, ఆ మాట వింటే వేదాంతం క్లాసులో కూర్చున్నట్టుంటుంది.

ఇక్కడి తమాషా ఏమిటంటే, చుట్టానికి తను చుట్టమని తెలియకూడదు. ఇల్లంతా తనదే అనుకోవాలి. లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టం అలాగే అనుకుని, "ఇంటరప్టులు ఆపు, మెమరీ పట్టిక మార్చు" అని యజమాని ధోరణిలో ఆదేశాలు ఇస్తూ ఉంటుంది. అలాంటి ఆదేశం వచ్చినప్పుడల్లా ప్రాసెసర్ ఆగి, అసలు ఇంటాయన్ని పిలవాలి. ఆయన పరిస్థితి చూసి, చేసినట్టు నటించి, చుట్టాన్ని మళ్ళీ కదలనిస్తాడు. దీన్నే ట్రాప్ అంటాం. 1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు రాసిన ప్రసిద్ధమైన పేపర్లో ఈ నియమం ఉంది. యంత్రం స్థితిని తాకే ప్రతి ఆదేశమూ, అధికారం లేనివాడు ఇచ్చినప్పుడు ట్రాప్ కావాలి. అలా అయితే ఆ ప్రాసెసర్ మీద వర్చువల్ మెషీన్ సజావుగా కట్టొచ్చు.

మన ఇంటెల్ ప్రాసెసర్లు ఈ పరీక్ష తప్పాయి. పెంటియమ్‌లో ట్రాప్ కావలసి ఉండీ కాని ఆదేశాలు 17 ఉన్నాయని 2000లో రాబిన్, అర్వైన్ లెక్క తేల్చారు. 'పాప్‌ఎఫ్' అన్న ఆదేశం వాటిలో ఒకటి. అధికారం లేని ప్రోగ్రాం దాంతో ఇంటరప్టులు ఆపబోతే ప్రాసెసర్ తిట్టదు, ఎవర్నీ పిలవదు, ఆ భాగం వరకు విననట్టు ఊరుకుంటుంది. చుట్టమేమో పని అయిపోయిందనుకుంటాడు. ఇంటాయనకి అసలు సంగతే తెలియదు. కాపరం ఎలా సాగుతుంది?

1999లో వీఎమ్‌వేర్ తన మొదటి వర్క్‌స్టేషన్‌తో దీనికి ఒక ఉపాయం చూపించింది. మధ్యలో ఒక దుబాసీని పెట్టింది. చుట్టం మాట్లాడబోయే ప్రమాదకరమైన మాటల్ని దుబాసీ ముందే చూసి, వేరే మాటలుగా మార్చి ప్రాసెసర్‌కి చెబుతాడు. దీని అసలు పేరు బైనరీ ట్రాన్స్‌లేషన్. వర్చువల్‌బాక్స్ కూడా మొదట్లో ఈ దారినే నడిచింది. తరవాత ప్రాసెసర్ల వాళ్ళే దారికొచ్చారు. 2005 నవంబరులో ఇంటెల్ వీటీ-ఎక్స్ వచ్చింది, పెంటియమ్ 4లో 662, 672 అన్న రెండు మోడళ్ళతో మొదలు. 2006లో ఏఎండీ-వీ వచ్చింది. ఇక దుబాసీ అక్కర్లేకుండా ట్రాప్ పని ప్రాసెసరే చేస్తుంది. ఆ తరవాతి మెట్టు, చుట్టం మెమరీ పట్టికల్ని కూడా ప్రాసెసరే చూసుకోవడం. ఇంటెల్ దాన్ని ఈపీటీ అంటుంది. 2008 చివర్లో వచ్చిన నెహలెమ్ తరం నుంచి ఉంది. కోర్ 2 డ్యుయోల్లో లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ప్రాసెసర్లు ఒక్కో మెట్టు ఎక్కినకొద్దీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు కింది మెట్టు తీసేస్తూ వచ్చారు. 2014 చివర్లో వచ్చిన వీఎమ్‌వేర్ వర్క్‌స్టేషన్ 11 నుంచి 32 బిట్ల ఇంటాయనలకి చోటు లేదు. 2017లో వచ్చిన 14వ వెర్షన్ 2011కి ముందరి చాలా ప్రాసెసర్లని వదిలేసింది. 2018 డిసెంబరులో వర్చువల్‌బాక్స్ 6.0 కూడా 32 బిట్ల ఇళ్ళకి సెలవు చెప్పింది. ఏడాది తిరిగాక వచ్చిన 6.1 ఏకంగా దుబాసీనే ఉద్యోగంలోంచి తీసేసింది. అంటే వీటీ-ఎక్స్ లేని యంత్రం మీద 6.1 గాని, ఆ తరవాతివి గాని ఏ చుట్టాన్నీ నడపవు, 32 బిట్ల చుట్టాన్ని కూడా. పిన్ని కొడుకు లాప్‌టాప్‌లో కొత్త వెర్షన్ వెయ్యగానే పాతది కూడా ఆగిపోవడానికి కారణం ఇదే కావచ్చు. వాడి కంప్యూటర్ పాడవలేదు, అందులో ఉన్న దుబాసీ వెళ్ళిపోయాడు.

కాబట్టి అడగాల్సింది "ఏ వెర్షన్?" అని కాదు, "కాదంటున్నది ఎవరు?" అని. ప్రాసెసరా, బయాసా, ఇంకెవరైనా ముందే వచ్చి కూర్చున్నారా, లేక చుట్టమే ఇల్లు నచ్చక అలిగాడా?

ప్రాసెసర్ కాదంటే

స్టిక్కర్ చూసి నమ్మకండి. కోర్ 2 డ్యుయో అన్న స్టిక్కర్ కింద రెండు రకాలూ ఉన్నాయి. 2006లో వచ్చిన ఈ6300కి వీటీ-ఎక్స్ ఉంది. దాని తరవాత 2007లో వచ్చిన ఈ4300కి లేదు. చవక మోడళ్ళలోంచి ఇంటెల్ దాన్ని తీసేసింది. పూర్తి మోడల్ నంబరు చూసి ఇంటెల్ వాళ్ళ సైటులో వెతికితేనే నిజం తెలుస్తుంది.

లినక్స్ ఉంటే సీపీయూఇన్ఫో ఫైల్లో ఫ్లాగుల వరస చూడండి. ఇంటెల్ అయితే 'వీఎంఎక్స్', ఏఎండీ అయితే 'ఎస్‌వీఎం' ఉండాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. పాత కెర్నెళ్ళు ప్రాసెసర్‌లో వసతి ఉంటే చాలు, బయాస్ తాళం వేసి ఉన్నా ఫ్లాగు చూపిస్తాయి. 5.6 నుంచి కెర్నెల్ అలా కాదు. ఇంటెల్ యంత్రంలో బయాస్ మూసేస్తే ఫ్లాగే కనబడదు. కనక కొత్త లినక్స్‌లో ఫ్లాగు లేదంటే ప్రాసెసర్‌కే లేదని తేల్చెయ్యకూడదు. విండోస్ 8, ఆపై వాటిలో టాస్క్ మేనేజర్‌లోని పెర్ఫార్మెన్స్ పేజీలో వర్చువలైజేషన్ ఎనేబుల్ అయిందో లేదో రాసి ఉంటుంది.

ఫోన్లో అడిగి తెలుసుకోవడానికి ఇంకో సులువైన గుర్తు. వర్చువల్‌బాక్స్‌లో కొత్త మెషీన్ తయారుచేసేటప్పుడు జాబితాలో 32 బిట్లవే కనిపించి 64 బిట్లవి కనబడకపోతే, వీటీ-ఎక్స్ లేదు లేదా అందడం లేదు. అలాగే ముందుకు పోతే, "ఈ కెర్నెల్‌కి ఎక్స్86-64 ప్రాసెసర్ కావాలి, నాకు ఐ686 మాత్రమే కనిపిస్తోంది" అని చుట్టం ఫిర్యాదు చేస్తాడు. ప్రాసెసర్ 64 బిట్లదే కదా అని మనవాడు తలపట్టుకుంటాడు. ఇంటాయన 64 బిట్లవాడైనంత మాత్రాన చాలదు.

ప్రాసెసర్‌కే లేకపోతే మూడే దారులు. ఒకటి, వర్చువల్‌బాక్స్ 5.2. 32 బిట్ల చుట్టాలు దాంట్లో నడుస్తాయి, కానీ 2020 జులైతో దాని బాధ్యత ముగిసింది. కొత్త లినక్స్ కెర్నెళ్ళ మీద దాని మాడ్యూళ్ళు కంపైల్ కూడా కావు. అంటే పాత దుబాసీ కోసం ఇల్లు మొత్తం పాతదిగానే ఉంచాలి. ఇంటర్నెట్ తీగ పీకేసి వాడేట్టయితే ఓర్చుకోవచ్చు, లేకపోతే వద్దు. రెండు, క్యూఎమూ. ఫాబ్రిస్ బెలార్డ్ 2003లో మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ చుట్టం మాట ప్రతిదాన్నీ అనువాదం చేస్తుంది, ప్రాసెసర్ సాయం ఏమీ అడగదు. నెమ్మది, బాగా నెమ్మది. కానీ ఇప్పటికీ పోషణలో ఉన్న దుబాసీ అది. మూడు, అసలు వర్చువల్ మెషీన్ ఆలోచనే మానేసి లినక్స్‌ని నేరుగా ఎక్కించడం. 1 జీబీ రామ్ ఉన్న పెంటియమ్ 4 తెచ్చి చూపించినవాళ్ళందరికీ నేను చెప్పేది ఈ మూడోదే. అయితే 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కి 32 బిట్ల యంత్రాల మీద ఇన్‌స్టలేషన్ లేదు. డెబియన్ 12తో సరిపెట్టుకోవాలి.

బయాస్ కాదంటే

ప్రాసెసర్‌లో ఉన్నా బయాస్ మూసి ఉంచడం ఆ రోజుల్లో మామూలు. ప్రాసెసర్ లోపల 3ఏ నంబరున్న ఒక రిజిస్టర్ ఉంటుంది. దాంట్లో ఒక బిట్ వీటీ-ఎక్స్‌ని తెరుస్తుంది, ఇంకో బిట్ తాళం వేస్తుంది. కంప్యూటర్ లేవగానే బయాస్ ఈ రెండూ రాసేస్తుంది. తాళం పడ్డాక మళ్ళీ రీసెట్ అయ్యేదాకా విండోస్ గాని, లినక్స్ గాని దాన్ని మార్చలేవు. అందుకే దీనికి సాఫ్ట్‌వేర్ మందు లేదు. బయాస్ సెటప్‌లోకి వెళ్ళి అక్కడే తెరవాలి. తెరిచాక సేవ్ చేసి రీస్టార్ట్ చేస్తే కొన్ని పాత బోర్డులకి చాలదు. కంప్యూటర్ పూర్తిగా ఆపి, తీగ పీకి, అర నిమిషం ఆగి మళ్ళీ పెట్టాలి. లాప్‌టాప్ అయితే బ్యాటరీ కూడా తియ్యాలి. పది మందిలో ఒకరిద్దరు ఈ అర నిమిషం దగ్గరే చిక్కుకుపోతారు.

దీని మీద నాకు ఎదురైన ఒక కేసు చెప్పాలి. జగిత్యాల నుంచి వచ్చిన కుర్రాడు, ఇక్కడ ఏసీలు బాగుచేసే కంపెనీలో పని. సల్మాబాద్‌లో ఆరుగురు కలిసి ఉండే గది. ఈసా టౌన్ పాత వస్తువుల సంతలో 20 దీనార్లకి ఒక డెస్క్‌టాప్ కొన్నాడు. కోర్ 2 డ్యుయో ఈ8400, 4 జీబీ రామ్. రెడ్ హ్యాట్ వాళ్ళ ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్ష రాసి నిచ్చెన దిగి కుర్చీలో కూర్చునే ఉద్యోగంలోకి మారాలని పట్టుదల. పరీక్ష ఫీజు అతని నెల జీతానికి పైనే. ఒకసారి తప్పితే రెండోసారి కట్టే స్తోమత లేదు. కాబట్టి ప్రాక్టీసు అంతా ఆ డబ్బా మీదే జరగాలి.

ఈ8400కి వీటీ-ఎక్స్ ఉంది. బయాస్‌లో తెరిచి, చుట్టాన్ని నడిపించి చూపించి పంపాను. మర్నాడు సాయంత్రం ఫోను.

"అన్నా, రాత్రి మంచిగ నడిచింది. డ్యూటీ నుంచి వచ్చి చూస్తే మళ్ళ అదే లొల్లి."

"ఏమైనా మార్చావా తమ్ముడూ?"

"నేనేం ముట్టలేదన్నా, పొద్దున పోయిన్నే గదా."

మళ్ళీ బయాస్‌లోకి వెళ్ళమంటే వీటీ-ఎక్స్ మూసి ఉంది. తెరిచాడు, నడిచింది. ఆ మర్నాడు మళ్ళీ అంతే. మదర్‌బోర్డు పోయిందని గదిలో వాళ్ళు తేల్చేశారు. ఇంకో 20 దీనార్లు పోయించబోతున్నారు. అసలు ఆధారం అతను వేరే బాధగా చెప్పిన మాటలో దొరికింది. "ఇంకోటన్నా, పొద్దుమూకి పెట్టినప్పుడు ఏ వెబ్‌సైటూ ఓపెన్ అయితలేదు, సర్టిఫికెట్ తప్పంటది." తేదీ ఎంత చూపిస్తోందని అడిగాను. 2008 జనవరి 1 అన్నాడు.

బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032. కరెంటు లేనప్పుడు గడియారాన్నీ, బయాస్ సెట్టింగుల్నీ కాపాడేది అదే. అది చచ్చిపోయింది. మామూలు ఇంట్లో అయితే ఈ సంగతి నెలల తరబడి బయటపడదు, ఎందుకంటే కంప్యూటర్ ఆపినా తీగ గోడకే ఉంటుంది, సన్నగా కరెంటు అందుతూనే ఉంటుంది. వీళ్ళ గదిలో మాత్రం డ్యూటీకి వెళ్ళేటప్పుడు అన్ని ప్లగ్గులూ పీకి వెళ్ళాలన్నది నియమం. పీకగానే బయాస్ ఫ్యాక్టరీ సెట్టింగులకి వెళ్ళిపోయేది. ఫ్యాక్టరీ సెట్టింగుల్లో వీటీ-ఎక్స్ మూసి ఉంటుంది. గడియారం వెనక్కి పోవడం వల్ల సర్టిఫికెట్లు ఇంకా పుట్టనట్టు కనిపించేవి. రెండు రోగాలూ ఒకటే. కొన్ని వందల ఫిల్సుల బ్యాటరీతో రెండూ పోయాయి. "నిన్న పనిచేసింది, ఇవాళ చెయ్యట్లేదు, ఏమీ మార్చలేదు" అని ఎవరైనా అంటే, తేదీ ఎంత చూపిస్తోందని ముందు అడగండి.

ఇంకెవరో ముందే వచ్చి కూర్చుంటే

ఇది కాస్త కొత్త యంత్రాల జబ్బు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11కి తగని యంత్రాలు చాలా ఇప్పుడు 'అన్‌సపోర్టెడ్' అయిపోయాయి. కానీ 2012, 2015 నాటి కోర్ ఐ5కి వీటీ-ఎక్స్, ఈపీటీ రెండూ ఉంటాయి. వర్చువల్ మెషీన్లకి అవి దివ్యమైన యంత్రాలు. మైక్రోసాఫ్ట్ వద్దన్నంత మాత్రాన పారెయ్యకండి.

వీటిలో వచ్చే చిక్కు, విండోసే తన హైపర్-వీని లోపల నడుపుతూ వీటీ-ఎక్స్‌ని పట్టుకుని కూర్చోవడం. మెమరీ ఇంటెగ్రిటీ, విండోస్ లోపలి లినక్స్ రెండో వెర్షన్ లాంటివి దాన్ని మనకి చెప్పకుండానే లేపుతాయి. అప్పుడు వర్చువల్‌బాక్స్ కిటికీ కింది వరసలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తుంది. నడుస్తుంది, తాబేలులాగే నడుస్తుంది. ఆ సౌకర్యాల్ని ఆపి పూర్తిగా షట్‌డౌన్ చేసి లేపితే తాబేలు పోతుంది. మెమరీ ఇంటెగ్రిటీ భద్రత కోసం పెట్టినదని మాత్రం గుర్తుంచుకోండి.

లినక్స్‌లోనూ ఇలాంటిదే ఒకటి మొదలైంది. 6.12 నుంచి కెర్నెల్ కేవీఎం మాడ్యూల్ లోడ్ అవగానే వీటీ-ఎక్స్‌ని తన చేతిలోకి తీసుకుంటుంది. అంతకు ముందు కేవీఎం చుట్టం లేచినప్పుడే తీసుకునేది. దాంతో నిన్నటిదాకా నడిచిన వర్చువల్‌బాక్స్ కెర్నెల్ అప్‌డేట్ తరవాత మొరాయిస్తుంది. కేవీఎం మాడ్యూల్‌ని దించేస్తే చాలు. నన్నడిగితే లినక్స్ ఇంటాయన ఉన్నప్పుడు వర్చువల్‌బాక్స్‌నే దించేసి కేవీఎంతో ఉండటం మేలు. కెర్నెల్‌తో పాటే వస్తుంది కాబట్టి మాడ్యూళ్ళు కంపైల్ చేసుకునే బాధ లేదు. ఈపీటీ లేని కోర్ 2 డ్యుయోల మీద కూడా నడుస్తుంది. జగిత్యాల కుర్రాడి డబ్బాలో నేను పెట్టింది డెబియన్, కేవీఎం.

చుట్టమే అలిగితే

ఆ డబ్బాలో బ్యాటరీ మారింది, వీటీ-ఎక్స్ నిలబడింది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9 ఎక్కించబోతే కెర్నెల్ లేచి, వెంటనే కుప్పకూలింది. తెరమీద ఒక వాక్యం: జీలిబ్‌సీ ప్రాణాంతక లోపం, ఈ ప్రాసెసర్ ఎక్స్86-64-వీ2ని సపోర్ట్ చెయ్యదు.

ఇది ఇంటాయన తప్పు కాదు, వర్చువల్ సాఫ్ట్‌వేర్ తప్పూ కాదు. 64 బిట్ల ప్రాసెసర్లకి ఇప్పుడు తరగతులు ఉన్నాయి. రెండో తరగతికి ఎస్ఎస్ఈ 4.2, పాప్‌కౌంట్ లాంటి ఆదేశాలు తెలిసి ఉండాలి. అవి ఇంటెల్‌లో నెహలెమ్‌తో వచ్చాయి. ఈ8400 ఎస్ఎస్ఈ 4.1 దగ్గర ఆగిపోయింది. రెడ్ హ్యాట్ 9 రెండో తరగతి అడుగుతుంది, 2025 మేలో వచ్చిన 10 మూడో తరగతి అడుగుతుంది. వీటీ-ఎక్స్ పద్ధతిలో చుట్టం అసలు ప్రాసెసర్ మీదే నేరుగా పరిగెడతాడు. ఆ ప్రాసెసర్‌కి రాని ఆదేశం చుట్టానికి ఎక్కడినుంచి వస్తుంది?

ఇక్కడే మనం చిన్నచూపు చూసిన దుబాసీ అక్కరకొస్తాడు. క్యూఎమూని కేవీఎం సాయం లేకుండా, పూర్తి అనువాద పద్ధతిలో నడిపితే, ఇంటాయనకి రాని భాష కూడా వచ్చినట్టు చుట్టానికి చూపించగలదు. రెండో తరగతి ఆదేశాలు దానికి వచ్చు. 2022 డిసెంబరులో వచ్చిన 7.2 వెర్షన్ నుంచి ఏవీఎక్స్2 కూడా వచ్చు. అంటే ప్రాసెసర్ రకాన్ని 'మ్యాక్స్' అని పెడితే కోర్ 2 డ్యుయో మీద రెడ్ హ్యాట్ 10 కూడా లేస్తుంది. లేవడానికి మాత్రం టీ పెట్టుకుని తాగి గ్లాసు కడిగేంత సేపు పడుతుంది. వేగంగా నడిచే పద్ధతి చెయ్యలేని పనిని నెమ్మదిగా నడిచేది చెయ్యడం నాకు చాలా ముచ్చటేసింది.

అయితే రోజూ రాత్రి రెండు గంటలు ప్రాక్టీసు చెయ్యాల్సినవాడికి అది పనికిరాదు. కుర్రాడికి రెండు ఏర్పాట్లు చేశాం. రోజువారీకి అల్మాలినక్స్ 8, కేవీఎం మీద. ఇది మొదటి తరగతి ప్రాసెసర్‌తో తృప్తి పడుతుంది, 2029 దాకా భద్రతా సవరణలు అందుతాయి. యూజర్లు, ఫైల్ పర్మిషన్లు, ఎల్‌వీఎం, ఎస్ఈలినక్స్, సిస్టమ్‌డీ లాంటి పాఠాలు చాలావరకు ఇందులోనే అయిపోతాయి. 9లో మారిన సంగతులు, ఉదాహరణకి నెట్‌వర్క్ సెట్టింగులు ఫైళ్ళలో దాచే తీరు, శుక్రవారాల్లో క్యూఎమూ మీద చూసుకునేవాడు. మూడు నెలలు అలా చేసి పరీక్షకి కూర్చున్నాడు, గట్టెక్కాడు. కుర్చీ ఉద్యోగం ఇంకా రాలేదు. ప్రస్తుతానికి ఏసీ కంపెనీలోనే పగలు నిచ్చెన, సాయంత్రం ఆఫీసు సర్వరు చూస్తున్నాడు.

ఇంట్లో చోటు, ఎండ

రామ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 4 జీబీ ఉంటే ఇంటాయనకి ఒకటిన్నర ఉంచి మిగతాది పంచండి. చుట్టానికి ఇన్‌స్టలేషన్ అప్పుడు 2 జీబీ ఇచ్చి, గ్రాఫిక్స్ లేకుండా వాడేట్టయితే తరవాత 1 జీబీకి తగ్గించవచ్చు. 32 బిట్ల విండోస్ 4 జీబీలో మూడు, మూడున్నరకి మించి చూడలేదు. రెండు కోర్ల యంత్రంలో చుట్టానికి ఒక్క కోరే ఇవ్వండి. ఈపీటీ లేనిచోట రెండు ఇస్తే లాభం కంటే గొడవ ఎక్కువ. డబ్బు ఖర్చుపెట్టాలనిపిస్తే చిన్న ఎస్ఎస్‌డీ మీద పెట్టండి. కోర్ 2 కాలం బోర్డులకి సాటా ఉంటుంది, తగులుతుంది.

ఎండ సంగతి మాత్రం గల్ఫ్‌లో ఉన్నవాళ్ళు తక్కువ అంచనా వెయ్యకూడదు. వర్చువల్ మెషీన్ నడిస్తే ప్రాసెసర్‌కి విశ్రాంతి ఉండదు. ఫ్యాన్‌లో ఏళ్ళ తరబడి ఇసుక దుమ్ము పేరుకుంటే, బ్రౌజింగుకి బాగానే ఉన్న లాప్‌టాప్ ఇన్‌స్టలేషన్ మధ్యలో టప్పున ఆరిపోతుంది. చుట్టం డిస్క్ ఫైలు సగంలో చెడుతుంది. మళ్ళీ తెరిస్తే ఫైల్‌సిస్టం ఎర్రర్లు. దాన్ని సాఫ్ట్‌వేర్ తప్పనుకుని వెర్షన్లు మారుస్తూ కూర్చుంటారు. ఉష్ణోగ్రత చూపించే చిన్న ప్రోగ్రాం ఒకటి పక్కన తెరిచి పెట్టుకుంటే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇల్లు పాతదా, చుట్టం పాతవాడా?

ఇంతసేపూ పాత ఇంట్లో కొత్త చుట్టం గురించి మాట్లాడాం. కొందరికి నిజానికి కావలసింది దానికి తలకిందులు. తెలుగు సంఘాల వాళ్ళ దగ్గర ఇది ఎక్కువ. ఉగాది సంచికలన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో కంపోజు చేసి ఉంటాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దాన్ని నడిపే ఎక్స్‌పీ డబ్బా ఎవరి ఇంట్లోనో మంచం కింద ఉంటుంది. ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. ఆ డబ్బాని బతికించడానికి తంటాలు పడే బదులు, దాన్నే చుట్టంగా మార్చి కొత్త ఇంటికి తెచ్చుకోవచ్చు.

డబ్బాలోంచి హార్డ్ డిస్క్ విప్పి, యూఎస్‌బీ అడాప్టర్‌తో మీ లాప్‌టాప్‌కి తగిలించండి. డిస్క్ మొత్తాన్ని ఒక ఫైలుగా నకలు తియ్యండి. నకలు పూర్తయ్యేదాకా పాత డిస్క్ మీద ఏమీ రాయకండి. ఆ ఫైలుని క్యూఎమూతో వచ్చే ఇమేజ్ పనిముట్టుతోనో, వర్చువల్‌బాక్స్ కమాండ్‌తోనో వర్చువల్ డిస్క్‌గా మార్చుకోండి. మొదటిసారి లేపగానే నీలి తెర, 7బీ అన్న నంబరు వస్తే కంగారు పడకండి. మనం సాటా కంట్రోలర్ ఇచ్చాం, ఎక్స్‌పీకి దాని డ్రైవర్ లేదు. సెట్టింగుల్లో కంట్రోలర్‌ని ఐడీఈకి, పీఐఐఎక్స్4 రకానికి మార్చండి. చాలాసార్లు అంతటితో లేస్తుంది. హార్డ్‌వేర్ మారింది కాబట్టి ఎక్స్‌పీ మళ్ళీ యాక్టివేషన్ అడగొచ్చు, ఒరిజినల్ కీ దగ్గర పెట్టుకోండి. కొన్ని పాత డీటీపీ సాఫ్ట్‌వేర్లకి ప్రింటర్ పోర్టుకి తగిలించే తాళం ఉండేది. అలాంటిది ఉంటే ముందే చూసుకోండి, యూఎస్‌బీ నుంచి ప్రింటర్ పోర్టుకి మార్చే తీగలు ఆ తాళాలకి సాధారణంగా పనికిరావు.

నెట్‌వర్క్ కార్డుని సెట్టింగుల్లోనే తీసెయ్యండి. ఎక్స్‌పీకి ఇంటర్నెట్ చూపించకూడదు. ఫైళ్ళు అటూ ఇటూ మార్చుకోవడానికి ఐఎస్ఓ ఫైలో, రెండో వర్చువల్ డిస్కో చాలు. తెరుచుకున్న సంచికలన్నిటినీ ముందు పీడీఎఫ్‌లుగా మార్చుకోండి. ఆ తరవాత తీరిగ్గా పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు. అను అక్షరాలు ఫాంట్ సంకేతాలే తప్ప తెలుగు సంకేతాలు కావు, నేరుగా కాపీ చేస్తే చెత్త వస్తుంది, కన్వర్టర్ కావాలి. వత్తుల దగ్గర, అరసున్నల దగ్గర కన్వర్టర్లు తడబడతాయి కనక పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ సరిచూసుకోవాలి.